నలభై ఒకటో నంబరు టేపు

నలభై ఆరేళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. ఏ బస్సెక్కానో, ఏ మాత్ర వేసుకున్నానో, గ్యాసు బండ ఏ రోజు మార్చామో అన్నీ అందులో ఉంటాయి. ఆ నలభై ఆరు పుస్తకాల్లో దయ్యం అనే మాట ఒక్కచోట కూడా లేదు. ఎవరికైనా గాలి సోకిందంటే, జ్వరం ఎంత ఉందో చూశారా అని అడిగే మనిషిని నేను. ఇప్పటికీ ఆ మనిషినే. అందుకని దీన్ని దయ్యం కథలాగా చదవవద్దని మనవి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాస్తుంటే భయం వేయడం లేదు. అసహ్యం వేస్తోంది.

నేను యూనివర్సిటీలో ఒక డిపార్టుమెంటు వీడియో సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సెమినార్లు, వీడ్కోలు సభలు, నాటకాలు, ఏది జరిగినా భుజం మీద కెమెరా పెట్టుకుని తీయడం, టేపుకి నంబరు వేయడం, బీరువాలో సర్దడం నా పని. ఆ కాలపు వీడియో క్యాసెట్టు అంచున ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలుకు ఉండేది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్టు మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. షూటింగ్ అయిన రోజే స్క్రూడ్రైవరుతో ఆ పలుకు విరిచేయడం నా పద్ధతి. నేను తీసింది ఎవరూ చెరపలేరని ధీమా.

సెక్షన్ ఎత్తేసినప్పుడు టేపులన్నీ పాత సామాన్లవాడి కోసం వరండాలో కుప్ప పోశారు. చూడలేక రెండు గోనె సంచులు నింపి, ఆటోలో వేసుకుని తార్నాకలో మా ఇంటికి తెచ్చుకున్నాను. అవి మా అటక మీద ఉన్నాయి.

పాత డైరీల్లో సిరా వెలిసిపోతోందని నెలకి కొన్ని పేజీల చొప్పున జిరాక్సు తీయిస్తున్నాను. యూనివర్సిటీ గేటు దగ్గరి షాపులో సుజాత అనే అమ్మాయి తీస్తుంది. ముప్పై దాటి ఉంటాయి. మాణికేశ్వర్ నగర్లో ఉంటుంది. కాగితం మిషను మీద బోర్లించే ముందు ఒకసారి చదువుతుందని నాకు తెలుసు. నేను ఏమీ అనేవాణ్ణి కాదు. నా డైరీలో దాచుకోవలసింది ఏముంది అనుకునేవాణ్ణి.

ఈ ఏడు బతుకమ్మకి రెండు వారాల ముందు ఆ అమ్మాయి ఒక పేజీ పట్టుకుని ఆగిపోయింది. ముప్పై ఏళ్ల కిందటి పేజీ అది. "స్టాఫ్ క్వార్టర్స్‌లో ఎంగిలిపూల బతుకమ్మ. మన ఎల్లమ్మ వాళ్లు ఆడారు. నలభై నిమిషాలు తీశాను. టేపు 41" అని ఉంది.

"సార్, గీ ఎల్లమ్మ అంటే ఆఫీసు ఊడ్చే ఎల్లమ్మనా?"

అవునన్నాను.

"మా అమ్మ సార్."

ఎల్లమ్మ మా సెక్షన్‌లో రోజుకూలీ మీద ఊడ్చేది. కామెర్లతో పోయింది. సుజాతకి అప్పుడు రెండేళ్లు. తల్లి ముఖం ఆమెకి గుర్తు లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో ఒక వానాకాలం నాలా నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు పోయింది. సుజాత పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల ఫోటోలు కత్తిరిస్తుంది, లామినేషన్ చేస్తుంది.

"పెత్రమాసకు పెద్దలకు బియ్యమిస్తం గద సార్. గోడకు తాత ఫోటో ఉన్నది, నాయిన ఫోటో ఉన్నది. అమ్మకని మేకు కొట్టి పెట్టిన. ఉత్త మేకే ఉన్నది. ఆ టేపు ఉన్నదా సార్ ఇంక?"

నేను గొప్పగా చెప్పాను. టేపు మా ఇంట్లోనే ఉందనీ, దాన్ని ఎవరూ చెరపలేరనీ, టేపు నుంచి డిస్కులోకి ఎక్కించి ఇస్తాననీ, అందులోంచి నీకు కావలసిన చోట ఆపి ఫోటో తీసుకోవచ్చనీ. ఇంటికి వచ్చి ఆ తర్వాతి రెండేళ్ల డైరీలు తిరగేశాను. నలభై ఒకటో టేపు మళ్లీ ఎక్కడా వాడినట్టు లేదు. నా డైరీలో లేనిది జరగలేదని నా లెక్క. ఆదివారం మధ్యాహ్నం రమ్మని ఫోన్ చేశాను.

శనివారం రోజంతా సామాను సిద్ధం చేయడానికే సరిపోయింది. వీసీఆర్ మూత విప్పితే లోపల ఎండిన బొద్దింక, బల్లి గుడ్ల పెంకులు, వాటికి అంటుకున్న జిగట. స్పిరిట్ ముంచిన బట్టతో టేపు చదివే భాగం తుడిచాను. మా కొత్త టీవీకి వెనకాల పాతరకం మూడు రంధ్రాలు లేవు. ఒకటే సన్నటి రంధ్రం ఉంది. దాని తీగ వేరు. షాపువాడు ఏదో ఒకటి ఇస్తే పసుపు పిన్నులో రావలసిన బొమ్మ శబ్దంలోకి పోయి టీవీ కందిరీగలా మోత పెట్టింది. రెండోసారి వెళ్లి సరైనది తెచ్చాను. వీసీఆర్ నుంచి డిస్కు రికార్డరుకి, రికార్డరు నుంచి టీవీకి. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. ప్రతి తీగకీ రెండు చివర్లా కాగితం చీటీ కట్టాను. ఈ వివరం ఎందుకంటే, ఆ రోజు టీవీలో కనిపించినది టేపులోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ వచ్చే దారి లేదు. కేబుల్ వైరు కూడా పీకి పక్కన పెట్టాను.

ఆదివారం పొద్దున సంచిలోంచి నలభై ఒకటో టేపు తీశాను. అంచుల మీద తెల్లగా బూజు. పలుకు విరిచిన చోట రంధ్రం ఉండాలి. లేదు. దాన్ని మూస్తూ అతుకు టేపు ముక్క అంటించి ఉంది. అలా మూస్తే మళ్లీ రికార్డు చేయవచ్చు. పసుపు పచ్చగా మారి, మూలలు లేచిన ముక్క.

అది అంటించింది నేనే. చూడగానే అంతా గుర్తొచ్చింది.

మా డిపార్టుమెంటు హెడ్డు గారి అబ్బాయి రిసెప్షన్ క్యాంపస్ గెస్ట్‌హౌస్ పచ్చికలో జరిగింది. నన్ను తీయమన్నారు. స్టోర్స్ నుంచి కొత్త టేపు ఇచ్చారు. ఆ కొత్త టేపు నేను ఇంటికి పట్టుకెళ్లి మా అమ్మాయి పుట్టినరోజుకి వాడుకున్నాను. రిసెప్షన్‌కి పాత టేపుల్లో ఏది పనికిరానిదా అని చూసి నలభై ఒకటి తీశాను. ఊడ్చేవాళ్లు ఆడుకున్న బతుకమ్మే కదా, ఎవరు అడుగుతారు అనుకున్నాను. రంధ్రం మీద అతుకు అంటించి, దాని మీదే రిసెప్షన్ తీశాను. హెడ్డు గారికి నకలు ఇచ్చి, టేపుని పాత నంబరుతోనే బీరువాలో పెట్టేశాను. ఆ రాత్రి డైరీలో "కొత్త టేపు వాడాను" అని రాశాను. రాసి రాసి అదే నిజమనుకున్నాను. మొన్న నేను నమ్మి మాట ఇచ్చింది నా అబద్ధాన్నే.

ఫోన్ చేసి రావద్దని చెప్పవచ్చు. చేయలేదు. చివర కొంచెమైనా మిగిలి ఉంటుందేమో అనుకున్నాను. నలభై నిమిషాల బతుకమ్మ మీద గంట రిసెప్షన్ తీస్తే ఏమీ మిగలదని నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

మధ్యాహ్నం రెండున్నరకి సుజాత వచ్చింది. వెంట ఎల్లమ్మ అక్క పోశమ్మని తీసుకొచ్చింది. సుజాతకి పెద్దమ్మ. తల్లి ముఖం తెలిసిన మనిషి ఒకరు ఉండాలని. సుజాత టేపు చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంది. ఆమె గోరు అతుకు ముక్కకి తగిలింది.

"గిదేంది సార్, గీడ పట్టీ?"

పాత టేపమ్మా, అన్నాను.

డిస్కు రికార్డరులో ఎర్ర బొత్తాం నొక్కి, టేపు వేశాను. నీలం తెర పోయి పందిరి లైట్లు వచ్చాయి.

"గిదేంది, పెండ్లా?" అంది పోశమ్మ.

ముందు వేరేది ఉంది, మనది తర్వాత వస్తుంది అన్నాను. రెండో అబద్ధం. అది కూడా రాసి పెడుతున్నాను.

వచ్చిన ప్రతివాళ్లూ తింటున్నట్టు రావాలని హెడ్డు గారు ఆనాడు చెప్పారు. అందుకని ఆ టేపు నిండా నోళ్లే. నమిలే నోళ్లు, పెరుగు మోచేతి దాకా కారే చేతులు, పళ్ల సందు కుట్టుకునే వేళ్లు. అన్నీ ఎప్పుడో నేనే తీసిన బొమ్మలు. ఆ ఇద్దరూ నేల మీద కూర్చుని రెప్ప వేయకుండా చూస్తున్నారు. కుర్చీలో కూర్చోమంటే వినలేదు. తెర మీద ఆడమనిషి కనిపించినప్పుడల్లా సుజాత అడుగుతోంది.

"గామెనా పెద్దమ్మా?"

"కాదు బిడ్డా."

"మరి గామె?"

"గామె మెడల గంత బంగారమున్నది, నీకు అమ్మెట్లయితది? సప్పుడు జెయ్యక సూడు."

నలభై నిమిషాలు అలా చూశారు. నేను వాళ్ల వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాను. రాదు అని నాకు తెలుసు. తెలిసి కూర్చున్నాను. ఆ నలభై నిమిషాలంత రోత నా జీవితంలో ఇంకోటి లేదు.

అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏమండీ, ఏదో పాచి కంపు కొడుతోంది. మీ మిషను లోపల ఏమన్నా చచ్చిందా?" అంది. నాకూ వచ్చింది. నానిన ఆకుల మీద పులిసిన పప్పు, పెరుగు కలిసిన వాసన. పెళ్లి మర్నాడు పందిరి వెనక వచ్చే వాసన. వీసీఆర్ పక్క సందుల్లోంచి వస్తోంది.

"అగో," అంది పోశమ్మ. "అగో మా ఎల్లి."

భోజనాల బల్లల మధ్య ఎల్లమ్మ నిలబడి ఉంది. చిలకాకుపచ్చ చీర, పసుపు అంచు, తలలో తంగేడు పువ్వు. బతుకమ్మ నాడు నేను వీడియో తీసినప్పుడు కట్టుకున్న చీరే. సుజాత మోకాళ్ల మీద లేచి తెర దగ్గరికి జరిగింది.

పాత రికార్డింగు సరిగ్గా చెరగకపోతే ఒక్కోసారి కొత్త బొమ్మ వెనక పాత బొమ్మ పొగలా కనిపిస్తుంది. నేను ముందు అదే అనుకున్నాను. కానీ ఇది పొగలా లేదు. బతుకమ్మ పొద్దుగూకే వెలుతురులో తీసింది. ఇక్కడ పందిరి ట్యూబులైట్ల వెలుగు ఆమె ముఖం మీద పడింది. ఆమె నీడ బల్ల మీద తెల్లగుడ్డ మీద పడింది.

ఆమె ఏ పనీ చేయడం లేదు. ఊరికే నిలబడి కెమెరా వైపు చూస్తోంది. చుట్టూ తింటున్నవాళ్లు ఒక్కొక్కరే తిన్న ఆకు ప్లేట్లు ఆమె ముందుకి చాచారు. ఎవరూ ఆమె ముఖం చూడలేదు. మాటల్లోనే ఉండి చేతులు మాత్రం చాచారు. పదో, పన్నెండో చేతులు. ఆమె తీసుకోలేదు. చేతులు అలాగే ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హెడ్డు గారి గృహప్రవేశానికి సెక్షన్‌వాళ్లందర్నీ పనికి రమ్మన్నారు. ఎల్లమ్మని ఎంగిలాకులు ఎత్తమన్నారు. "ఆఫీసు ఊడుస్త సార్, సండాసు కడుగుత. మీ ఇంట్ల ఎంగిలాకులు మాత్రం ఎత్త" అని అందరి ముందూ అంది. మర్నాటి నుంచి ఆమెకి పని లేదు. హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేసింది ఎర్ర సిరాతో నేనే. నోరెత్తలేదు. ఆ తర్వాత నాలుగు నెలలకి ఆమె పోయింది.

తెర మీద కెమెరా ఆమె దగ్గరికి వెళ్లింది. అప్పుడు కెమెరా కిందనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. దాని చేతిలోనూ ఎంగిలి ఆకు. కూర పులుసు అంచు నుంచి కారుతోంది. చెయ్యి ఆమె గడ్డం దాకా వెళ్లి ఆగింది. కుడి మణికట్టుకి స్టీలు పట్టీ గడియారం, ముఖం లోపలి వైపుకి తిప్పి ఉంది.

నాది ఎడమచేతి వాటం. గడియారం కుడిచేతికి, ముఖం లోపలికి పెట్టుకుంటాను. ఇప్పటికీ అదే గడియారం.

సుజాత తెర చూసింది. తిరిగి నా చెయ్యి చూసింది.

"గా చెయ్యి మీదేనా సార్?"

అబద్ధం ఆడటానికి వీలు ఉంది. ఎల్లమ్మ కనిపించింది, వాళ్లకి కావలసింది దొరికింది. నేను నోరు మూసుకుంటే అయిపోయేది. ఆ చెయ్యి తెర మీద అలా చాచి ఉండగా నాకు చేత కాలేదు. అంతా చెప్పాను. అతుకు ముక్క, స్టోర్స్ టేపు, మా అమ్మాయి పుట్టినరోజు, డైరీలో రాసింది, ఇందాక చెప్పింది. మీ అమ్మ ఆడిన బతుకమ్మ నేనే చెరిపేశానని చెప్పాను.

ఈలోగా తెర మీద మళ్లీ నోళ్లు వచ్చాయి. ఆమె లేదు.

పోశమ్మ నా వైపు తిరిగింది. "గీ పెండ్లి ఎన్నడైంది?"

డైరీ తెచ్చాను. ఎల్లమ్మ పోయిన రోజు పేజీ వేరు, రిసెప్షన్ పేజీ వేరు. రెండూ చదివాను. మధ్య పద్నాలుగు నెలలు. పోశమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. మా ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"సచ్చినంక గూడ ఎత్తుమంటిరా," అంది పోశమ్మ. కోపంగా కూడా అనలేదు. నవ్వింది. "ఎత్తలే సూడు. ఎత్తది. మా ఎల్లి ఎత్తది."

కాఫీ పెట్టి ఉంది. ముట్టుకోలేదు. సుజాత లేచి, "డిస్కు ఇయ్యండి సార్" అంది. ఇచ్చాను. నా చేతికి తన చెయ్యి తగలకుండా అంచు పట్టుకుని తీసుకుంది.

ఆ సాయంత్రం టేపు వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. రిసెప్షన్ ఉంది. ఎల్లమ్మ లేదు. చేతులు చాచినవాళ్లు లేరు, తిన్న ఆకులు డ్రమ్ములో పడేస్తున్నారు. ఇప్పటికి పదకొండుసార్లు వేశాను. ప్రతిసారీ అంతే. డిస్కులో ఆమె లేకపోతే పీడ వదిలినట్టే, నలుగురం కలిసి భ్రమపడ్డామని రాసుకునేవాణ్ణి. కానీ డిస్కులో ఉంది. ఈ టేపు నుంచి, ఈ తీగల మీదుగా ఎక్కిన డిస్కులో ఉంది. వీసీఆర్‌లో ఆ వాసన మూడు రోజులు పోలేదు. మా ఆవిడ దాన్ని బాల్కనీలో పెట్టించింది.

పెత్రమాస మర్నాడు జిరాక్సు షాపుకి వెళ్లాను. వెళ్లాలా వద్దా అని రెండుసార్లు వీధి చివరి దాకా పోయి వచ్చాను. సుజాత నన్ను చూసి, ఫోనులో గోడ ఫోటో చూపించింది. తాత, నాయిన, అమ్మ. మేకుకి ఫ్రేము వేలాడుతోంది. ఎల్లమ్మ నేరుగా చూస్తోంది. తలలో తంగేడు పువ్వు కూడా వచ్చింది. ముఖం చుట్టూ మాత్రం ఫోటో వంకర టింకరగా కత్తిరించి, వెనక పసుపు కాగితం అంటించి ఉంది.

"సుట్టూత చేతులుండె సార్. ఒక్కొక్కటి కట్ చేసిన," అంది. తన గడ్డం మీద వేలు పెట్టి చూపించింది. "మీదే కష్టమైంది. గదవ దాకా వచ్చింది గద. జర గదవ గూడ పోయింది."

నేను జిరాక్సుకి తెచ్చిన పేజీలు తీయలేదు. వెనక్కి వచ్చేశాను.

ఆమె ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇంకొకటి కూడా తెలియదు. ఆ రోజుల్లో మేము వాడిన కెమెరా భుజం మీద మోసేది. కుడిచెయ్యి దాని పక్కనున్న తోలు పట్టీలో దూర్చి పట్టుకోవాలి. ఎడమచెయ్యి లెన్సు మీద ఉంటుంది. తీస్తున్నంతసేపూ రెండు చేతులూ ఖాళీ ఉండవు. మరి గడియారం ఉన్న ఆ కుడిచెయ్యి ఎంగిలి ఆకు పట్టుకుని ముందుకి ఎలా వచ్చింది? అసలు ఆ రోజు నేను అక్కడ భోజనం చేశానా?

డైరీ తీసి చూశాను. "భోజనం చేయకుండా వచ్చేశాను" అని ఉంది. "కొత్త టేపు వాడాను" అన్న వాక్యం కిందే, అదే సిరాతో ఉంది.